బాంటం కోళ్లను జత కట్టే ముందు ఒడ్డూ పొడవూ చూడటం ఎలా

వరంగల్ చుట్టుపక్కల కోళ్లను పెంచేవారి కన్ను చాలావరకు పందెం పుంజుకు అలవాటుపడినది. పొడవైన కాళ్లు, నిటారైన మెడ, బిగువైన రొమ్ము ఉంటే మంచి జాతి అంటాము, ఆ తర్వాత డేగా కాకా అని రంగు చూస్తాము. బాంటం అంటే చాలా చిన్న సైజు కోడి; అదే కంటితో అందులో ఒక రకమైన జపనీస్ బాంటంను ఎంచుకుంటే తప్పు పక్షే ఇంటికి వస్తుంది, ఎందుకంటే ఇందులో కోరదగిన లక్షణాలన్నీ దాదాపు అందుకు విరుద్ధంగా ఉంటాయి.

పక్షిని బల్లమీద నిలబెట్టి, బెదురు తీరేదాకా వదిలేసి, మన కళ్లు దాని వీపు ఎత్తుకు వచ్చేలా వంగి పక్కనుంచి చూడాలి. కాళ్లు ఉన్నాయా లేవా అన్నంత పొట్టిగా ఉండాలి, రెక్కల కొసలు నేలను తాకుతూ ఉండాలి, తోక నిటారుగా లేచి తలకంటే ఎత్తుగా నిలవాలి. మెడకూ తోకకూ మధ్య వీపు చాలా కురచగా ఉండి, పక్కనుంచి చూస్తే ఇరుకైన లోయలా కనిపించాలి. రొమ్ము గుండ్రంగా ముందుకు రావాలి. పెరిగిన పుంజు బరువు సుమారు 500 నుంచి 750 గ్రాములు ఉంటుంది. (మేడారం జాతర మొక్కుకు కోళ్లు కొనే మా చుట్టాలు వీటిని చూసి, ఒక్కరికి కూడా కూర రాదని నవ్వుతారు.) తర్వాత వెనుకనుంచి, పైనుంచి చూడాలి. తోక ఒక పక్కకు వాలి ఉంటే, మిగతావన్నీ ఎంత బాగున్నా ఆ పక్షిని జతకు వాడకూడదు, ఎందుకంటే ఆ వంకర పిల్లలకూ దిగుతుంది.

అన్ని బాంటంలకూ ఈ కొలతలు వర్తించవు. పెకిన్ బాంటం బంతిలా గుండ్రంగా, తల కొంచెం కిందకూ తోక వైపు కొంచెం పైకీ ఉండాలి. సెబ్రైట్ అనే మరో బాంటం కాళ్లు మరీ పొట్టివి కావు. అందులో చూడవలసినది ప్రతి ఈకకూ చుట్టూ ఉండే సన్నని నల్లని అంచు, పుంజుకు కూడా పెట్టలాంటి ఈకలే ఉండటం.

ఇక అసలు చిక్కు జపనీస్ బాంటం కాళ్లలోనే ఉంది. పొట్టికాళ్లనిచ్చే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చేరితే ఆ పిండం బతకదు. కాబట్టి మన కంటికి కనిపించే ప్రతి పొట్టికాళ్ల పక్షిలోనూ ఆ జన్యువు ఒక్కటే ఉంటుంది. పొట్టి పుంజునూ పొట్టి పెట్టనూ కలిపితే, సగటున నాలుగు గుడ్లలో ఒకటి చనిపోతుంది, రెండు పొట్టికాళ్ల పిల్లలవుతాయి, ఒకటి పొడవుకాళ్లది అవుతుంది. ఆ చావు చాలావరకు పొదిగిన మొదటి నాలుగైదు రోజుల్లోనే జరుగుతుంది. ఏడో రోజు చీకటి గదిలో టార్చి వెలుగు పెట్టి చూస్తే ఆ గుడ్డులో ఎర్రని వలయం మాత్రమే కనిపించవచ్చు. ఇది తెలియక మొదటి ఏడాది నేను కరెంటు కోతలను తిట్టాను, ఇంక్యుబేటర్‌ను మార్చాను, చివరకు మంచి పుంజునొకదాన్ని అమ్మేశాను.

అందువల్ల పొడవుకాళ్ల పిల్లలను పనికిరానివని తీసేయడం పెద్ద పొరపాటు. అవి ప్రదర్శనకు నిలవకపోయినా, తోక, వీపు, రొమ్ము సరిగ్గా ఉన్నవాటిని జతకు ఉంచుకోవాలి. పొడవుకాళ్ల పక్షిని పొట్టిదానితో కలిపితే ఈ జన్యువు వల్ల చావు ఉండదు, పిల్లల్లో సగం పొట్టివి, సగం పొడవువి అవుతాయి. పైగా మరీ పొట్టికాళ్ల పుంజు పెట్టను ఎక్కలేక తడబడుతుంది కనుక, పొడవుకాళ్ల పుంజుకు నాలుగైదు పొట్టి పెట్టలను జతచేయడం నా దృష్టిలో మేలు.

మేత తగ్గించి పక్షిని చిన్నదిగా ఉంచాలని చూసేవారూ ఉన్నారు. అది గిడసబారిన పక్షిని ఇస్తుందే తప్ప బాంటంను ఇవ్వదు, దాని పిల్లలు కడుపునిండా తింటే మళ్లీ పెద్దవవుతాయి. చిన్న సైజును ఎంపికతోనే సాధించాలి.

మన ప్రాంతంలో దసరా తర్వాత నుంచి శివరాత్రి దాకా పెట్టిన గుడ్లనే పొదిగించడం మంచిది. ఎండ 43, 44 డిగ్రీలకు చేరే మే నెలలో పుంజుల సత్తువ, గుడ్ల నాణ్యత రెండూ పడిపోతాయి. బాంటం గుడ్లు 21 రోజులకు ఒకటి రెండు రోజుల ముందే పిల్లలవుతాయి కనుక లెక్క ముందుగానే వేసుకోవాలి. వానాకాలంలో నల్లరేగడి బురద రెక్కల కొసలకూ, పెకిన్ కాళ్ల ఈకలకూ గడ్డకట్టుకుంటుంది. గూడులో వరి ఊకను మందంగా పరచి, తడిసినప్పుడల్లా మార్చాలి.

చివరి ఎంపికను ఆరు నెలల వయసు దాకా ఆపాలి, ఎందుకంటే తోక పూర్తిగా పెరగనిదే వీపు పొడవు సరిగ్గా తెలియదు. పిల్ల కాలికి అంకె ఉన్న రింగు వేసి, తల్లిదండ్రుల రింగులు, ఎన్ని గుడ్లు పెడితే ఎన్ని పిల్లలయ్యాయి, వాటిలో పొట్టివెన్ని పొడవువెన్ని అన్నది నోటుబుక్కులో రాసుకోవాలి. ఒకే ఇంటి అన్నాచెల్లెళ్లను తరతరాలుగా కలుపుతూ పోతే పిల్లలయ్యే గుడ్ల సంఖ్య తగ్గుతూ వస్తుంది. ఆ తగ్గుదల నోటుబుక్కులో కనిపించిన ఏడాది బయటి నుంచి పుంజును తేవాలి, తెచ్చినదాన్ని రెండు మూడు వారాలు వేరే గూటిలో ఉంచిన తర్వాతే మందలో కలపాలి.