పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌తో ₹ గుర్తు కొట్టించడం ఎలా?

మిర్యాలగూడలో మాకు తెలిసిన ఒక రైస్ మిల్లులో కాటా చీటీలు ఇప్పటికీ పాతకాలపు టైపింగ్ ప్రోగ్రాం వర్డ్‌స్టార్‌లోనే తయారవుతాయి. పక్కన తొమ్మిది పిన్నుల ఎప్సన్ తరహా ప్రింటర్ ఉంటుంది. ఒకరోజు మిల్లు యజమాని చీటీ చేతికిచ్చి, "ఈ 'రూ.' బదులు నోటు మీదున్న గుర్తు రాదా బాబూ?" అని అడిగారు. ఆ గుర్తును కేంద్రం ఆమోదించింది 2010 జూలై 15న. వర్డ్‌స్టార్ పుట్టింది 1978లో. అయినా పని అయింది. మీ దగ్గరా అలాంటి జోడీ ఉంటే ఇలా చేయండి.

ముందు ప్రింటర్ పుస్తకం తీసి, సొంత అక్షరాలను దించుకునే సౌకర్యం ఉందో లేదో చూడండి. కొన్ని మోడళ్లలో దానికి జ్ఞాపకం (మెమరీ) కేటాయించాలంటే లోపలి చిన్న డిప్ స్విచ్‌ను మార్చాలి. 24 పిన్నుల ప్రింటర్‌కు లెక్క వేరు, ఈ అంకెలు పనికిరావు.

తర్వాత గళ్ల కాగితం మీద అక్షరం గీయండి. అసలు పని ఇక్కడే ఉంది, తొందరపడకండి. వెడల్పు 11 నిలువు గళ్లు. ఎత్తు 8 గళ్లు, ఒక్కో గడికి ఒక పిన్ను. ఒకే అడ్డు వరుసలో పక్కపక్క గళ్లలో చుక్కలు పెట్టకూడదు, ఎందుకంటే ఒకసారి కొట్టిన పిన్ను వెనక్కి వెళ్లి మళ్లీ కొట్టడానికి కాస్త వ్యవధి కావాలి. నేను మొదట గీతలు నిండుగా గీశాను, సగం చుక్కలు పడనే లేదు. చివరికి కుదిరిన రూపం ఇది:

●·●·●·●·●
······●··
●·●·●·●·●
······●··
●·●·●····
··●······
····●····

పై పిన్ను విలువ 128. కిందికి వెళ్లేకొద్దీ 64, 32, 16, 8, 4, 2, 1. ప్రతి నిలువు వరుసలో చుక్కలున్న పిన్నుల విలువలు కూడండి. మొదటి వరుసలో 128, 32, 8 కలిపితే 168. మూడోది 172, అయిదోది 170, ఏడోది 240, తొమ్మిదోది 160. మిగిలినవన్నీ సున్నాలే. చివరి రెండు సున్నాలు పక్క అక్షరానికి ఎడం ఇస్తాయి.

ఇప్పుడు ఏ అక్షరం స్థానంలో దీన్ని కూర్చోబెట్టాలి? యాట్ గుర్తు (@) జోలికి మాత్రం పోకండి, బిల్లులో 'ధర చొప్పున' అనడానికి గుమాస్తాలు దాన్నే వాడతారు. ట్యాబ్ మీట పైనుండే వాలు చుక్క (`) మేలు, దాని సంఖ్య 96. రూపాయి గుర్తు వచ్చిన కొత్తలో చేసిన ఫాంట్లలోనూ ఆ మీటనే వాడుకున్నారు.

ప్రింటర్‌కు పంపాల్సిన వరుస ఇది. ముందుగా 27, 58, 0, 0, 0: ఇది ప్రింటర్ సొంత అక్షరాలను మార్చదగిన జ్ఞాపకంలోకి నకలు చేస్తుంది. తర్వాత 27, 38, 0, 96, 96, 139: 96వ అక్షరానికి కొత్త రూపం వస్తోందని ఇది చెబుతుంది. ఆ వెంటనే మన పదకొండు అంకెలు: 168, 0, 172, 0, 170, 0, 240, 0, 160, 0, 0. వీటిని పాత పీసీల ప్రోగ్రామింగ్ భాష జీడబ్ల్యూ బేసిక్‌లో డేటా వరుసగా రాసి, ఒక్కొక్కటే చదివి ఎల్‌ప్రింట్ ఆదేశంతో పంపండి. ఆ ఆదేశం చివర సెమీకోలన్ మరిచిపోతే ప్రతి అంకె వెనుకా కొత్త వరుస సంకేతం దూరి అక్షరమంతా చెదిరిపోతుంది. నా మధ్యాహ్నం ఒకటి ఆ సెమీకోలన్‌కే పోయింది.

ఇక వర్డ్‌స్టార్. మూడో వెర్షన్‌లో విన్‌స్టాల్, నాలుగులో డబ్ల్యూఎస్‌చేంజ్ అనే అమరిక ప్రోగ్రాం తెరిచి ప్రింటర్ విభాగంలో సొంత ఆదేశాల చోటుకు వెళ్లండి. కంట్రోల్ పీ తర్వాత క్యూ నొక్కితే 27, 37, 1, 0 వెళ్లేలా, డబ్ల్యూ నొక్కితే 27, 37, 0, 0 వెళ్లేలా పెట్టండి. మొదటిది మన అక్షరాలను తెరుస్తుంది, రెండోది మూస్తుంది. అంకెలను పదహారు ఆధారంగా (హెక్సాడెసిమల్‌లో) అడిగితే 27కు 1బి, 37కు 25 అని ఇవ్వాలి. ప్రింటింగ్ మొదట్లో వెళ్లే ఆదేశాల్లో 27, 64 ఉంటే తీసేయండి, లేదంటే ప్రింటర్ మామూలు స్థితికి పోయి మన అమరిక చెడవచ్చు.

చీటీలో మొత్తానికి ముందు కంట్రోల్ పీ క్యూ, వాలు చుక్క, కంట్రోల్ పీ డబ్ల్యూ కొట్టండి. తెర మీద ఆ గుర్తులు చోటు తీసుకుని పట్టిక వంకరపోయినట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి, కంట్రోల్ ఓ డీ నొక్కితే అవి కనబడకుండా పోతాయి. అచ్చు డ్రాఫ్ట్ (వేగంగా, మామూలుగా కొట్టే) పద్ధతిలో తీయండి, నాణ్యమైన అక్షరాల పద్ధతిలో ఈ రూపం రాకపోవచ్చు.

కరెంటు పోతే ప్రింటర్ అంతా మరిచిపోతుంది. అందుకే బేసిక్ ప్రోగ్రాం ముందు, వర్డ్‌స్టార్ తర్వాత నడిచేలా ఒక బ్యాచ్ ఫైలు (ఆదేశాలను వరుసగా నడిపే ఫైలు) రాసిపెట్టాను. గుమాస్తా పొద్దున ప్రింటర్ వేశాకే ఆ ఫైలు నడపాలి. వరుస తప్పితే లారీ డ్రైవర్ల చీటీల మీద మొత్తం ముందు వాలు చుక్కే కనిపిస్తుంది.