లైన్‌లోకి రోబో వస్తోందా? మీ పనిలో ఎంత పోతుందో లెక్కకట్టి సిద్ధమవడం ఎలా

మెషిన్ పక్కన స్థలం ఖాళీ చేయించి నేల మీద పసుపు గీతలు గీస్తున్నారు. ఎవరో మీ వెనక నిలబడి సైకిల్ టైమ్ (ఒక పీస్‌కు పట్టే సమయం) రాసుకుంటున్నారు. పీసుల శాంపిళ్లు, డ్రాయింగులు బయటికి వెళ్తున్నాయి. ఈ మూడూ కనబడ్డాయంటే రోబో సెల్‌కు (రోబో, మెషిన్ కలిపి పనిచేసే చోటుకు) కొటేషన్ తయారవుతున్నట్టే. అక్కడి నుంచి సెల్ నడిచే రోజు దాకా మామూలుగా కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలల్లో పని చేసే మనిషి ఏం చేసుకోవాలన్నదే ఇక్కడి విషయం. ఉదాహరణకు సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) మీద పీస్ ఎక్కించి దించే పనిని తీసుకున్నాం. ప్యాకింగ్ అయినా, వెల్డింగ్ అయినా లెక్క వేసే తీరు మారదు.

ముందు షిఫ్ట్‌ను ముక్కలు చేయండి

ఉద్యోగాన్ని ఒకే ముద్దగా చూస్తే అంచనా ఎంత తప్పుతుందో పెద్ద పెద్ద అధ్యయనాలే చూపించాయి. 2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రే, ఆస్బోర్న్ వృత్తులను గంపగుత్తగా లెక్కించి, అమెరికా ఉద్యోగాల్లో 47 శాతానికి ఆటోమేషన్ ముప్పు ఎక్కువన్నారు. ఒక్కో ఉద్యోగంలో ఉండే పనులను విడివిడిగా చూసిన ఓఈసీడీ (అభివృద్ధి చెందిన దేశాల ఆర్థిక సంస్థ) అధ్యయనం 2016లో 21 దేశాలకు సగటున 9 శాతం అంది. మీరు వేయాల్సింది ఈ రెండో రకం లెక్క.

నోట్‌బుక్, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. ఒక మామూలు షిఫ్ట్, సెట్టింగ్ మారిన షిఫ్ట్ ఒకటి, రాత్రి షిఫ్ట్ ఒకటి రాయండి. చేతికి ఎన్ని పనులు తగిలితే అన్నీ రాయాలి, సూపర్‌వైజర్ చెప్పినవే కాదు. ఒక ఆపరేటర్, ఒక లేత్, 480 నిమిషాల షిఫ్ట్, 180 పీసులు అనుకుంటే షీటు ఇలా తేలుతుంది:

- ఎక్కించడం, దించడం: 180 సార్లు, ఒక్కోటి 25 సెకన్లు – 75 నిమిషాలు
- అంచుల బర్ (కోతలో మిగిలే గరుకు లోహం) తీయడం: 180 సార్లు, 20 సెకన్లు – 60
- ప్రతి ఐదో పీస్‌ను గేజ్‌తో (కొలిచే పరికరంతో) చూడడం: 36 సార్లు, 40 సెకన్లు – 24
- ట్రాలీ తేవడం, బిన్ మార్చడం: 6 సార్లు – 30
- ఇన్సర్ట్ (లోహాన్ని కోసే ముక్క) మార్చడం: 6 సార్లు – 30
- ఆఫ్‌సెట్ (మెషిన్‌లో కోత కొలత సవరణ) సరిచేయడం: 10 సార్లు – 30
- చిప్స్ (కోతలో రాలే లోహపు ముక్కలు) ఎత్తడం: 3 సార్లు – 30
- చిన్నాచితకా ఆగిపోవడాలు: 8 సార్లు – 40
- రాతపని, షిఫ్ట్ అప్పగింత – 15

మొత్తం 334 నిమిషాలు. రోబో పక్కాగా తీసుకునేవి మొదటి రెండు. అంటే 135 నిమిషాలు, పనిలో 40 శాతం.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 40 శాతమే కదా పోయేది, నా ఉద్యోగానికేం ఢోకా లేదనుకుంటారు. మిగిలిన పని 199 నిమిషాలు. పక్క మెషిన్ వాడికీ అంతే మిగిలింది. రెండూ కలిపితే 398. విరామాలు పోగా ఒక మనిషికి దొరికే సమయం 435 నిమిషాలు. అంటే కాగితం మీద ఒక్కడు సరిపోతాడు. పనిలో పోయింది 40 శాతం, మనుషుల్లో పోయింది సగం. కొటేషన్‌లో ‘ఇన్నేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది’ అని రాసేది ఈ రెండో అంకెను పట్టుకునే.

అయితే ఆ కాగితంలో రోబో తెచ్చే కొత్త పని సాధారణంగా ఉండదు. మనిషి కుప్పలోంచి పీస్ తీసుకుంటాడు, రోబోకు ట్రేలో వరసగా పేర్చి పెట్టాలి. పీస్‌కు 4 సెకన్లయినా 180కి 12 నిమిషాలు. గ్రిప్పర్ (రోబో పీస్‌ను పట్టుకునే భాగం) జారడం, సెన్సర్ మీద కూలెంట్ (కోతప్పుడు చల్లబరిచే ద్రవం) పడడం వంటి ఆగిపోవడాలు షిఫ్ట్‌కు పది, రెండేసి నిమిషాలనుకున్నా మరో 20. రెండు సెల్‌లకు కలిపి 64 నిమిషాలు. 398కి అది కలిపితే 462. దొరికే సమయం 435 మాత్రమే. ఆ 27 నిమిషాల లోటు ఎక్కడ తేలుతుందో ఊహించడం కష్టమేం కాదు: గేజ్ చెక్కులు ఎగిరిపోతాయి, చిప్స్ పేరుకుంటాయి, రెండు వారాలకు రిజెక్షన్ పెరుగుతుంది, నెపం ఆపరేటర్ మీద పడుతుంది. మొదటి కొన్ని నెలలు రెండో మనిషిని ఉంచమని అడగడానికి ఇంతకంటే గట్టి ఆధారం ఉండదు. మీ షీటులో మీ అంకెలతో ఈ కూడిక చేసి పెట్టుకోండి.

ఏ ముక్క రోబోకు లొంగుతుంది?

ప్రతి వరసకూ కొన్ని ప్రశ్నలు వేయాలి. వస్తువు ప్రతిసారీ ఒకే చోట, ఒకే వైపు తిరిగి వస్తుందా? గట్టిదా, లేక గుడ్డలా, వైరులా వంగేదా? చూపుతో, చేతి స్పర్శతో తేల్చేది ఏమైనా ఉందా? రోజుకు ఎన్నిసార్లు మోడల్ మారుతుంది? మెత్తగా వంగే వస్తువుల దగ్గర రోబోలు ఇప్పటికీ తడబడతాయి. వాహనాల వైర్ హార్నెస్‌లు ఎక్కువభాగం ఇంకా చేత్తోనే కడుతున్నది అందుకే. అదే ఒకే సైజు పెట్టెలు ప్యాలెట్ మీద పేర్చే పని, స్పాట్ వెల్డింగ్, పెయింటింగ్ మీ షీటులో సింహభాగమైతే ఆశ పెట్టుకోకుండా వేరే విభాగానికి మారే ప్రయత్నం ఇప్పుడే మొదలుపెట్టండి. 1961లో జనరల్ మోటార్స్ తన న్యూజెర్సీ ప్లాంట్‌లో పెట్టిన మొదటి యూనిమేట్ రోబో చేసింది కూడా ఇలాంటి పనే: డై కాస్టింగ్ యంత్రంలోంచి వేడి భాగాలు బయటికి తీయడం.

బరువు విషయంలో ఒక మెలిక ఉంది. 10 కిలోల రోబో అంటే 10 కిలోల పీస్ ఎత్తుతుందని కాదు, గ్రిప్పర్ బరువూ అందులోనే. లేత్ దగ్గర తయారైన పీస్‌ను తీసి ముడిపీస్‌ను వెంటనే పెట్టడానికి జంట గ్రిప్పర్ వాడతారు. అది మూడున్నర కిలోలుండి, పీస్ కూడా మూడున్నర కిలోలైతే రెండు పీసులతో కలిపి పదిన్నర. అప్పటికే పరిమితి దాటింది. బరువు మణికట్టుకు దూరంగా వేలాడితే పరిమితి ఇంకా తగ్గుతుంది. మీ దగ్గర భారీ పీసుల మోడల్ ఒకటి ఉంటే, అది సెల్ లెక్కలో ఉందో లేదో కనుక్కోండి. చాలాసార్లు దాన్ని వదిలేస్తారు. ఆ మోడల్ చేత్తోనే నడుస్తుంది.

స్పర్శ సంగతి దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పీస్ ఎక్కించే ముందు ఆపరేటర్ చక్ (లేత్‌లో పీస్‌ను బిగించి పట్టే భాగం) దవడల మీద గాలి కొట్టి, బొటనవేలితో ఒకసారి రాస్తాడు. దాన్ని పనిగా ఎవరూ లెక్కపెట్టరు. ఆ రాయడంలో అతనికి వెంట్రుకంత చిప్ తగులుతుంది. రోబోకు అది తెలియదు. గాలి కొట్టి పీస్ పెట్టేస్తుంది. చిప్ మీద కూర్చున్న పీస్ ఒక పక్కకు వాలుతుంది, ఫేస్ (ముందు ముఖం) వంకరగా తెగుతుంది. మళ్లీ గేజ్ పెట్టేదాకా అలాంటివి ఎన్ని పోతాయో చెప్పలేం. దీనికి మందు ఎయిర్ సీట్ చెక్: పీస్ ఆనే ముఖంలో సన్నటి రంధ్రం గుండా గాలి వదిలి, పీస్ సరిగ్గా ఆనితే పెరిగే పీడనాన్ని సెన్సర్‌తో చూడడం. సెల్ డిజైన్ దశలోనే ఇది పెట్టించాలి. తర్వాత చక్ విప్పి పెట్టాలంటే ఖర్చూ, సమయమూ రెండూ ఎక్కువే. ఇలాంటివి మీ నోట్‌బుక్‌లో ఉంటే ప్రాజెక్ట్ మీటింగ్‌లో మీకో కుర్చీ ఖాయం.

నేర్చుకోవాల్సింది, ఈ వరసలో

ప్రోగ్రామింగ్ కోర్సుతో మొదలుపెట్టడం అనవసరం. సెల్ వచ్చాక మొదటి నెలల్లో గిరాకీ ఉండేది ఆగిపోయిన రోబోను దెబ్బ తగలకుండా మళ్లీ నడిపించే మనిషికి. అందుకని మొదట చేయి జాగింగ్ (రోబోను బటన్లతో కొద్దికొద్దిగా కదపడం) మీద కుదరాలి. టీచ్ పెండెంట్‌తో (చేతిలో పట్టుకునే నియంత్రణ పెట్టెతో) ఒక్కో కీలును కదపడం, నేల అక్షాల వెంట కదపడం, గ్రిప్పర్ దిశలో కదపడం, ఈ మూడూ తడుముకోకుండా రావాలి. ఆ తర్వాత ఇన్‌పుట్, అవుట్‌పుట్ తెర చదవడం: తలుపు తెరుచుకున్న సిగ్నల్, చక్ బిగిసిన సిగ్నల్, పీస్ ఉన్న సిగ్నల్ ఏ నంబర్లో కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఆ పైన పాయింట్ (రోబో వెళ్లి ఆగే స్థానం) సరిదిద్దడం. దానికి ముందు ప్రతిసారీ బ్యాకప్. బ్యాకప్ లేకుండా పాయింట్ మార్చినవాళ్లు పాత విలువ కోసం గంటలు వెతుక్కుంటారు.

గ్రిప్పర్ దేనికైనా గుద్దుకున్నాక పాయింట్లన్నీ ఒక్కసారి తప్పినట్టు కనిపిస్తే, ఒక్కో పాయింట్ దిద్దుకుంటూ కూర్చోవద్దు. టూల్ కేంద్రం (గ్రిప్పర్ మొన ఎక్కడుందో రోబోకు చెప్పిన స్థానం) జరిగిందేమో చూడండి. నిటారుగా నిలబెట్టిన సూది మొనకు టూల్ మొనను ఆనించి, టూల్ ఫ్రేమ్‌లో మణికట్టును అటూ ఇటూ తిప్పండి. మొన అక్కడే ఉండాలి. మిల్లీమీటరు పైన తిరుగాడితే గ్రిప్పరో దాని బ్రాకెట్టో వంగింది, లేదా టూల్ విలువలు తప్పు.

మెషిన్ లోపల రోబో ఆగినప్పుడు పాటించే క్రమం:

1. రీసెట్ నొక్కే ముందు అలారం నంబరు, ప్రోగ్రామ్ ఏ లైన్‌లో ఆగిందో రాసుకోండి. రీసెట్ చేశాక ఆధారం పోతుంది.
2. ఏ సిగ్నల్ కోసం ఎదురుచూస్తోందో తెరమీద చూడండి. చాలాసార్లు తప్పు రోబోది కాదు, తలుపు సెన్సర్ మీద పేరుకున్న మడ్డిది.
3. టీచ్ మోడ్‌లోకి (పెండెంట్‌తో నెమ్మదిగా నడిపే మోడ్) మార్చండి. ఈ మోడ్‌లో టూల్ వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటకూడదని ప్రమాణాలు చెబుతాయి. మీరు అంతకంటే తక్కువలో, ఐదు పది శాతంలో కదపండి.
4. ముందుగా గ్రిప్పర్ వచ్చిన దారినే, టూల్ దిశలో వెనక్కి లాగండి. నేరుగా ‘హోమ్’ (మొదటి స్థానానికి వెళ్లే బటన్) నొక్కితే కీళ్లన్నీ ఒకేసారి తిరుగుతాయి, మోచేయి వెళ్లి మెషిన్ తలుపును గుద్దుతుంది. కొత్త సెల్‌లలో జరిగే నష్టాల్లో ఇది బాగా మామూలు.
5. చేయి పెట్టాల్సి వస్తే విద్యుత్, గాలి రెండూ ఆపి తాళం వేయండి, తాళంచెవి మీ జేబులో ఉండాలి. గాలి పైపులో మిగిలిన పీడనాన్ని కూడా వదిలేయాలి. లేకపోతే గ్రిప్పర్ వేలిని పట్టుకుంటుంది.
6. మళ్లీ మొదలుపెట్టాక మొదటి సైకిల్ తగ్గించిన వేగంలో, వేలు స్టాప్ బటన్ మీద ఉంచి నడపండి. ఆ మొదటి పీస్‌ను తప్పకుండా గేజ్‌తో చూడండి.

పెండెంట్ వెనక ఉండే ఎనేబుల్ స్విచ్‌ను సగం నొక్కితేనే రోబో కదులుతుంది. వదిలేసినా, గట్టిగా పిసికినా ఆగిపోతుంది. బెదిరిన మనిషి చేసేది ఈ రెండింట్లో ఒకటే కాబట్టి అలా పెట్టారు. దాన్ని టేపుతో కట్టేసి పనిచేసే చోట ఉండవద్దు. ఐదో మెట్టును ఆదరాబాదరాగా దాటేస్తే ఏమవుతుందో చెప్పడానికి 1979 జనవరి 25 చాలు. మిషిగన్‌లోని ఫ్లాట్ రాక్ ఫోర్డ్ కాస్టింగ్ ప్లాంట్‌లో భాగాల కోసం ర్యాక్ మీదికి ఎక్కిన రాబర్ట్ విలియమ్స్ ఆ రోజు రోబో చేయి తగిలి చనిపోయాడు. రోబో వల్ల పోయిన మొదటి ప్రాణంగా నమోదైంది అతనిదే.

‘ఇది కోబోట్ (మనుషుల పక్కనే పనిచేసేలా చేసిన రోబో), కంచె అక్కర్లేదు’ అని అమ్మేవాళ్లు చెబుతారు. చేయి తగిలితే ఆగే రోబో నిజమే కావచ్చు, దాని గ్రిప్పర్‌లో ఉన్న పీస్ అంచు కత్తిలా ఉంటే ఆగడం వల్ల ఒరిగేదేమీ లేదు. రోబో ఒక్కదానికే కాదు, పీస్, గ్రిప్పర్, ఫిక్స్చర్ (పీస్‌ను నిలిపే అమరిక) అన్నిటితో కలిపి రిస్క్ అసెస్‌మెంట్ (ప్రమాదాల అంచనా) జరగాలి. ఆ కాగితం చూపించమని అడగండి.

యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు

నలుగురు కలిసి, రాతలో అడగండి. సెల్ నడిచాక షిఫ్ట్‌కు ఎంతమంది? మిగిలినవాళ్లు ఏ విభాగానికి, ఏ గ్రేడ్‌లో? శిక్షణ ఎవరికి, ఎన్ని రోజులు, సెల్ తయారీదారు దగ్గరా, వచ్చాక ఇక్కడా? రాత్రి రెండింటికి రోబో ఆగితే ఎవరు చూస్తారు? చివరి ప్రశ్నకు ‘మెయింటెనెన్స్ వాళ్లు వస్తారు’ అన్న జవాబు వస్తే, వాళ్లు ఎంత సేపట్లో వస్తారో, ఈలోపు ఎన్ని పీసులు ఆగుతాయో మీ షీటులోంచి చెప్పండి. ఆపరేటర్‌కే శిక్షణ ఇస్తే ఎంత లాభమో వాళ్లకే తేలుతుంది.

సెల్ అప్పగింత పరీక్షను ఏరికోరిన శుభ్రమైన పీసులతో అరగంట నడిపి ముగించనివ్వకండి. ఎనిమిది గంటలు, మామూలుగా వచ్చే ముడిపీసులతో, మధ్యలో ఒక మోడల్ మార్పుతో నడవాలి. ఆగిన ప్రతిసారీ కారణం, నిమిషాలు రాయాలి. ఎంతమంది మనుషులు ఉండాలన్న చర్చ ఆ కాగితం వచ్చాకే జరగాలి. తొందరపడి మనుషుల పనిని యంత్రాలకు అప్పగించి వెనక్కి తగ్గినవాళ్లలో పెద్ద సంస్థలూ ఉన్నాయి. టెస్లాలో అతిగా ఆటోమేషన్ చేయడం తన తప్పేనని 2018 ఏప్రిల్‌లో ఈలాన్ మస్క్ బహిరంగంగా ఒప్పుకున్నాడు. భాగాలు మోసే కన్వేయర్ల అల్లికను తీసేయాల్సి వచ్చింది.

అయినా ఒక మాట దాచకూడదు. నేర్చుకున్న అందరికీ సెల్ చుట్టూ చోటు దొరకదు. పై లెక్కలోనే సెల్ కుదురుకున్నాక ఇద్దరి చోట ఒకరే మిగులుతారు. అమెరికా మీద అసెమొగ్లు, రెస్ట్రెపో 2020లో ప్రచురించిన అధ్యయనంలో, వెయ్యిమంది కార్మికులకు ఒక రోబో పెరిగితే జనాభాలో ఉద్యోగాలున్నవాళ్ల వాటా 0.2 శాతం పాయింట్లు, వేతనాలు 0.42 శాతం తగ్గాయని తేలింది. కాబట్టి నేర్చుకున్నది మీ వెంట వచ్చేలా చూసుకోవాలి. శిక్షణ సర్టిఫికెట్ మీద రోబో కంపెనీ పేరు, కంట్రోలర్ మోడల్, ఎన్ని గంటలో స్పష్టంగా ఉండాలి, ఉత్త ‘హాజరయ్యారు’ అని కాదు. మీరు సరిచేసిన ప్రతి స్టాపేజీకీ తేదీ, అలారం నంబరు, కారణం, చేసిన పని, పట్టిన నిమిషాలు సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి. ప్రోగ్రామ్ ఫైళ్లు, డ్రాయింగులు మాత్రం సంస్థవి, వాటిని బయటికి తీసుకెళ్లకూడదు. ఇంకోచోట ఇంటర్వ్యూలో ‘రోబో తెలుసా’ అని అడిగినప్పుడు, సీట్ చెక్ అలారం ఎందుకొస్తుందో, దాన్ని ఎన్ని నిమిషాల్లో తీశారో చెప్పగలిగితే మిగతా ప్రశ్నలు చాలావరకు అడగరు.