సముద్రపు బురదలో అయస్కాంత చరిత్ర – పాఠం 4: దేనితో భాగించాలి?

భూమి అయస్కాంత క్షేత్రం గతంలో ఎంత బలంగా ఉండేదో బురద పొరల్లో చదువుతున్నాం. గత పాఠంలో కోర్ నుంచి, అంటే సముద్రపు అడుగు నుంచి తవ్వి తీసిన బురద స్తంభం నుంచి, యు-చానల్ తీశాం: 2 సెంటీమీటర్ల చదరపు గొట్టం, 1.5 మీటర్ల వరకు పొడవు. బురదలో సహజంగా మిగిలిన అయస్కాంతత్వాన్ని, అంటే ఎన్‌ఆర్‌ఎంను, ఏసీ క్షేత్రంతో, అంటే దిశ మార్చుకుంటూ ఉండే అయస్కాంత క్షేత్రంతో, మెట్లు మెట్లుగా చెరిపాం. మొదటి 20 మిల్లీటెస్లాలను పక్కన పెట్టండి. డ్రిల్లింగ్ ఉక్కు గొట్టాలు అంటించిన అయస్కాంతపు మరక చాలావరకు ఆలోపే పోతుంది.

ఎన్‌ఆర్‌ఎం పెరిగిందంటే భూమి క్షేత్రం బలపడిందనా? కాదు. ఆ పొరలో మాగ్నెటైట్ అనే అయస్కాంత ఇనుప ఖనిజం ఎక్కువ పడి ఉండొచ్చు. అందుకే భాగించాలి.

భాగించడానికి అదే నమూనాకు ప్రయోగశాలలో ఏఆర్‌ఎం, అంటే కృత్రిమ అయస్కాంతత్వం, ఎక్కిస్తాం. 100 మిల్లీటెస్లాల ఏసీ క్షేత్రాన్ని మెల్లగా సున్నాకు దించుతూ, 0.05 మిల్లీటెస్లాల స్థిరక్షేత్రాన్ని ఉంచుతాం. తర్వాత దాన్నీ ఎన్‌ఆర్‌ఎంను చెరిపిన మెట్లలోనే చెరపాలి. ఒక్క మెట్టు తేడా వచ్చినా పోలిక చెల్లదు.

ఇప్పుడు ఒక ఊహా నమూనా చూద్దాం. 30, 40, 50 మిల్లీటెస్లాల దగ్గర ఎన్‌ఆర్‌ఎం మీటరుకు 11, 8.5, 6 మిల్లీఆంపియర్లు. ఏఆర్‌ఎం 400, 300, 200. నేరుగా భాగిస్తే 0.0275, 0.0283, 0.03 వస్తాయి. మెట్టు మారితే జవాబు మారుతోంది! ఎన్‌ఆర్‌ఎంను నిలువుగా, ఏఆర్‌ఎంను అడ్డంగా పెట్టి గీత గీస్తే వాలు మాత్రం 0.025 దగ్గర నిలకడగా ఉంటుంది. గీత నిలువు అక్షాన్ని 1 దగ్గర తాకుతుంది. ఆ 1 ఏసీకి లొంగని హెమటైట్ అనే మరో ఇనుప ఖనిజానిది కావచ్చు. వాలే వాడండి, నిష్పత్తి ఒక్కటే చూసుకుంటే ఈ దోషం కనబడదు.

ఈ లెక్క కొన్ని బురదలకే పనికొస్తుంది. అయస్కాంత ఖనిజం మాగ్నెటైటే కావాలి, రేణువులు 1–15 మైక్రోమీటర్లు ఉండాలి. కోర్ పొడవునా దాని గాఢత 20–30 రెట్లకు మించి మారకూడదు. 10 రెట్ల లోపుంటే మరీ మంచిది. సేంద్రియ పదార్థం ఎక్కువున్న చోట సల్ఫైడ్ మాగ్నెటైట్‌ను కరిగించి, గ్రేగైట్ అనే అయస్కాంత ఇనుప సల్ఫైడ్‌ను పుట్టిస్తుంది. కోర్ పొడవునా గీసిన వాలు రేఖాచిత్రం, ఏఆర్‌ఎం రేఖాచిత్రం ఒకే తీరున ఎగుడుదిగుడులు చూపిస్తే మీరు కొలిచింది క్షేత్రాన్ని కాదు, బురదను. ఆ భాగాన్ని మొహమాటం లేకుండా తీసేయండి.

వచ్చిన విలువ సాపేక్షమే, మైక్రోటెస్లాలు కాదు. సరిచూసుకోవడానికి దాదాపు 41,000 ఏళ్ల నాటి లషాంప్ పతనం, అంటే భూమి క్షేత్రం బాగా బలహీనపడిన ఘట్టం, పనికొస్తుంది. అయితే మాగ్నెటోమీటర్ 4–5 సెంటీమీటర్ల పొడవును కలిపి చదువుతుంది. ఐస్‌లాండ్‌కు దక్షిణాన గార్డార్ డ్రిఫ్ట్‌లోలా వెయ్యేళ్లకు 10 సెంటీమీటర్లు పేరితే అది 400–500 ఏళ్లే. వెయ్యేళ్లకు ఒక్క సెంటీమీటరే పేరితే 4–5 వేల ఏళ్లు. అంతకంటే తక్కువ కాలమే సాగిన లషాంప్ అందులో పలచబడిపోతుంది. ఇదే కారణంగా యు-చానల్ రెండు చివర్లా 4–5 సెంటీమీటర్ల కొలతలు వదిలేయాలి.

అభ్యాసం: 30, 40, 50, 60 మిల్లీటెస్లాల దగ్గర ఎన్‌ఆర్‌ఎం 9.2, 7.2, 5.2, 5.6, ఏఆర్‌ఎం 500, 400, 300, 200. వాలుకు ఏ మెట్లు తీసుకుంటారు? 60 దగ్గర తగ్గాల్సిన ఎన్‌ఆర్‌ఎం పెరిగింది. ఏ ఖనిజాన్ని అనుమానిస్తారు? జవాబు 5వ పాఠం మొదట్లో.