ట్యాక్స్ సీజన్‌కి ముందే మీ ఎస్సెస్సెన్‌ని కాపాడుకోండి

అమెరికాలో ఉన్న మనవాళ్లకి డిసెంబర్ అంటే ఇండియా ప్రయాణాలు, సూట్‌కేసుల బరువు చూసుకోవడం. ఆ హడావిడిలోనే ఒక్క గంట మీ సోషల్ సెక్యూరిటీ నంబర్‌ని (ఎస్సెస్సెన్) కాపాడుకోవడానికి కేటాయించండి.

ప్రభుత్వంలో వృథా ఖర్చు తగ్గిస్తామంటూ 2025 జనవరి 20న డోజ్ (డిపార్ట్‌మెంట్ ఆఫ్ గవర్నమెంట్ ఎఫిషియెన్సీ) అనే టీమ్ పెట్టారు. వృథా తగ్గాలని ట్యాక్స్ కట్టే ప్రతివాళ్లూ కోరుకుంటారు. కానీ ఆ టీమ్ సోషల్ సెక్యూరిటీ రికార్డులు చూడొచ్చా లేదా అన్నది కోర్టులకెక్కింది. జూన్ 6న సుప్రీంకోర్టు చూడొచ్చంది. ఆగస్టులో సోషల్ సెక్యూరిటీ సంస్థలో డేటా బాధ్యతలు చూసే పెద్ద అధికారే, కోట్ల మంది వివరాల కాపీని సరైన రక్షణ లేని క్లౌడ్‌లో పెట్టారని ఫిర్యాదు చేశారు. డేటా భద్రంగానే ఉందని సంస్థ అప్పట్లో అంది. ఎవరి మాట నిజమో తేలేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఫెడరల్ ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఓపీఎం నుంచి 2.15 కోట్ల మంది వివరాలు హ్యాకింగ్‌లో దొంగలపాలయ్యాయని 2015లో బయటపడింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. ఎస్సెస్సెన్ అలా కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది అమెరికా ట్యాక్స్ శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చే ఐపీ పిన్. ఆరంకెల నంబర్, ఉచితం, ఏటా మారుతుంది. అది లేకుండా మీ నంబర్‌తో ఈ-ఫైల్ చేస్తే రిటర్న్ తిరిగొస్తుంది. మా స్నేహితుడొకరు రెండేళ్ల క్రితం ఫిబ్రవరిలో ఫైల్ చేస్తే రిజెక్ట్ అయింది. అతని నంబర్‌తో అప్పటికే ఎవరో ఫైల్ చేసేశారు. తన గుర్తింపు దొంగిలించారని చెప్పే ఫారం 14039 జతచేసి కాగితం మీద పంపాడు, రీఫండ్ కోసం నెలల తరబడి ఎదురుచూశాడు. ఆ టెన్షన్ దగ్గరుండి చూశాను కాబట్టే ఇంతగా చెప్తున్నాను. పిన్ తీసుకునే పేజీ మామూలుగా నవంబర్ మధ్య నుంచి జనవరి మొదటి వారాల వరకు మూసి ఉంటుంది. అందుకే డిసెంబర్‌లో ఐఆర్‌ఎస్ అకౌంట్ తెరిచి గుర్తింపు ధ్రువీకరణ పూర్తిచేసి పెట్టుకోండి, జనవరి మధ్యలో పిన్ తీసుకోండి. ఎస్సెస్సెన్ లేక, ట్యాక్స్ కోసం ఇచ్చే ఐటిన్ నంబర్ ఉన్న హెచ్4 (డిపెండెంట్ వీసా) భార్య లేదా భర్త కూడా తీసుకోవచ్చు.

తర్వాతది క్రెడిట్ ఫ్రీజ్, అంటే మీ పేరుతో ఇంకెవరూ కొత్త లోన్ తీసుకోకుండా మీ క్రెడిట్ రిపోర్టుకి వేసే తాళం. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ సంస్థల్లోనూ విడివిడిగా చేయాలి. 2018 సెప్టెంబర్ నుంచి చట్టప్రకారం ఉచితం. డబ్బులు అడిగే 'లాక్' ప్లాన్లు చూపిస్తారు, అవి అక్కర్లేదు. కారు లోన్‌కో ఇంటి లోన్‌కో వెళ్లేటప్పుడు ఆన్‌లైన్‌లో ఎత్తేస్తే గంటలో తెరుచుకుంటుంది. 16 ఏళ్లలోపు పిల్లల పేరు మీద కూడా తల్లిదండ్రులు ఫ్రీజ్ పెట్టొచ్చు.

ఇక మన దగ్గరే ఉన్న లొసుగు. తక్కువకి ఫైల్ చేస్తారని ఎవరో చెప్పిన నంబర్‌కి డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం వివరాల ఫారం), పాస్‌పోర్ట్, వీసా కాపీలు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపేస్తాం. ఆ ఫొటోలు ఎవరి ఫోన్‌లో, ఎన్నేళ్లు ఉంటాయి? వాషింగ్టన్‌లో జరిగేది మన చేతిలో లేదు, ఇది మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది. ఫీజు తీసుకుని ఫైల్ చేసేవాళ్లకి (ప్రిపేరర్లకి) ఐఆర్‌ఎస్ ఇచ్చే పీటిన్ నంబర్ ఉందో లేదో అడగండి, రిటర్న్ మీద సంతకం చేస్తారో లేదో అడగండి. చేయనంటే వదిలేయండి. అమెరికాలోని ప్రిపేరర్ మీ కాగితాలు హైదరాబాద్ ఆఫీసుకి పంపాలంటే ముందు మీ రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. కాగితాలు పాస్‌వర్డ్ ఉన్న పోర్టల్‌లోనే పెట్టండి, పాత చాట్లలోని ఫొటోలు రెండు వైపులా తీసేయించండి.

డోజ్ పేరుతో మీకు చెక్ వచ్చిందనో, రీఫండ్ ఆగిందనో మెసేజ్ వస్తే లింక్ నొక్కకండి. బెదిరించి గిఫ్ట్ కార్డులు అడిగేది ఐఆర్‌ఎస్ కాదు. ఫోన్‌లో ఎవరు అడిగినా ఐపీ పిన్ చెప్పొద్దు. రిటర్న్ ఫైల్ చేసే ప్రిపేరర్‌కి తప్ప అది ఇంకెవరికీ అవసరం లేదు.