ప్రసూతి సెలవు: ప్రభుత్వ ఉపాధ్యాయినుల దరఖాస్తు విధానం, నిరాకరిస్తే అనుసరించవలసిన మార్గం

గుంటూరు, విజయవాడ ప్రాంతాల ప్రభుత్వ, జిల్లా పరిషత్, మండల పరిషత్ పాఠశాలల్లో పనిచేసే రెగ్యులర్ ఉపాధ్యాయినులకు 2010 నాటి ఆర్థిక శాఖ జీవో 152 ప్రకారం పూర్తి వేతనంతో 180 రోజుల ప్రసూతి సెలవు లభిస్తుంది. ఇది వ్యక్తిగత సెలవు ఖాతా నుంచి తగ్గదు. అయినా సిబ్బంది కొరతనో, పరీక్షలనో కారణంగా చూపి "కొన్నాళ్లు ఆగండమ్మా" అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. నోటిమాటగా అడిగిన సెలవును నోటిమాటతోనే కాదనవచ్చు కనుక, దరఖాస్తు తప్పనిసరిగా రాతపూర్వకంగా ఉండాలి.

ఉన్నత పాఠశాలలో పనిచేసేవారు ప్రధానోపాధ్యాయులకు, మండల పరిషత్ పాఠశాలల వారు మండల విద్యాధికారి (ఎంఈవో)కి దరఖాస్తు చేసుకోవాలి. సెలవు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు కావాలో రాసి, ప్రసవం జరగవచ్చని వైద్యులు సూచించిన తేదీతో కూడిన ధ్రువపత్రాన్ని జతపరచాలి. ప్రసవ తేదీ వేసవి సెలవులకు దగ్గరగా ఉంటే, ప్రారంభ తేదీని కార్యాలయంతో ముందే మాట్లాడి నిర్ణయించుకోవడం మంచిది. రెండో ప్రతిపై తేదీతో సహా అందినట్లు సంతకం తీసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. తర్వాత ఏ వివాదం వచ్చినా ఆ కాగితమే ఆధారం. తిరిగి విధుల్లో చేరాక సర్వీసు రిజిస్టరులో సెలవు నమోదైందో లేదో స్వయంగా చూసుకోవాలి.

సెలవు నిరాకరిస్తే, కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వమని కోరాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు స్థితిని అడగవచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. జిల్లా విద్యాధికారి (డీఈవో)కి వినతిపత్రం ఇవ్వడంతోపాటు, కలెక్టరేట్‌లో సోమవారాల్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ నమోదు చేయవచ్చు. అక్కడా న్యాయం జరగకపోతే అమరావతిలోని హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు.

పిల్లల సంఖ్యను అడ్డంకిగా చూపితే, 2025 మే 23 నాటి సుప్రీంకోర్టు తీర్పును వినతిపత్రంలో ప్రస్తావించాలి. మొదటి వివాహం వల్ల ఇద్దరు పిల్లలున్నారన్న కారణంతో, రెండో వివాహంలో కలిగిన బిడ్డకు సెలవు ఇవ్వలేదని తమిళనాడుకు చెందిన ఒక ప్రభుత్వ ఉపాధ్యాయిని వేసిన ఆ కేసులో, ప్రసూతి సెలవు పునరుత్పత్తి హక్కుల్లో భాగమని న్యాయస్థానం స్పష్టం చేసింది.

కాంట్రాక్టు ఉపాధ్యాయినులు తమకు హక్కే లేదనుకుని మౌనంగా ఉండిపోవడం బాధాకరం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం కింద అర్హత ఉన్న మహిళకు, కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసినా ప్రయోజనాలు పూర్తిగా అందాలని సుప్రీంకోర్టు 2023లో తీర్పు చెప్పింది. కాబట్టి వారు దరఖాస్తుకు నియామక ఉత్తర్వు, తాజా రెన్యువల్ ఉత్తర్వుల నకళ్లను కూడా జతచేయాలి.