జర్మనీలో ఇంటర్న్‌షిప్ ముగించి స్నేహితుడితో ఇంటికొచ్చే ముందు

అబ్‌మెల్డుంగ్ (ఆ చిరునామాలో ఇక ఉండటం లేదని నమోదు రద్దు చేయించుకోవడం) మరవొద్దు. ఇల్లు ఖాళీ చేయడానికి వారం ముందు నుంచే నగర కార్యాలయంలో చేయించుకోవచ్చు. అక్కడ ఇచ్చే ధృవీకరణ కాగితం లేకుండా బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే జమ చేసే ఖాతా), ఆరోగ్య బీమా మూయించడం నరకం. ఇద్దరూ ఎవరి కాగితం వాళ్లు తీసుకోవాలి.

నెలకు 18.36 యూరోల రేడియో-టీవీ రుసుము దానంతట అది ఆగదు, విడిగా రద్దు చేయాలి. ఇల్లంతటికీ ఒక్కటే కాబట్టి ఎవరి పేరున ఉందో చూడండి.

బ్యాంకు ఖాతా అప్పుడే మూయకండి. ఇంటి డిపాజిట్ వెనక్కి రావడానికి నెలలు పట్టొచ్చు.

జీతం పన్ను పత్రం దాచుకోండి, కోత పడ్డ పన్నును నాలుగేళ్లలోపు తిరిగి అడగొచ్చు.

సంతకంతో ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ చేతికొచ్చాకే విమానమెక్కండి.

కస్టమ్స్ మినహాయింపు ఎవరిది వాళ్లకే, ఇద్దరిదీ కలపరు. స్నేహితుడి కొత్త ఫోన్ మీ సంచిలో పెట్టుకోకండి.