కలర్ ప్రింటులో దాగిన పసుపు చుక్కల్ని పట్టుకోవడం ఎలా?

చాలా కలర్ లేజర్ ప్రింటర్లు మనం చెప్పని పని ఒకటి చేస్తాయి. పేజీ అంతటా కంటికి ఆనని పసుపు చుక్కలు చల్లుతాయి. ఆ పేజీ ఏ మిషన్ మీద వచ్చిందో, కొన్నిట్లో ఏ తేదీన ఎన్నింటికి వచ్చిందో కూడా వాటిలో ఉంటుంది. దొంగనోట్ల వాళ్ళ కోసమని పెట్టారు గానీ, కరపత్రం తీసినా పడతాయి.

పదింతలు చూపే భూతద్దం, నీలం ఎల్‌ఈడీ టార్చి, ఓహెచ్‌పీ షీటు (ఆర్‌పార్ కనిపించే ప్లాస్టిక్ షీటు), సన్న మార్కరు చాలు. జిరాక్స్ షాపులో తెల్లజాగా బాగా ఉన్న కలర్ పేజీ ఒకటి తీయించండి. లేజర్ ప్రింటే కావాలి, ఇంక్‌జెట్ మీద వెతకడం దండగ.

గదిలో లైట్లు ఆర్పేసి, పేజీని బల్లకు టేపుతో అంటించి, టార్చి దగ్గరగా పట్టండి. నీలం వెలుగులో పసుపు నల్లగా కనిపిస్తుంది. ఫోన్ ఫ్లాష్‌కి నీలం కాగితం చుట్టి "ఏమీ లేవండీ" అనేవాళ్ళతో విసిగిపోయాను. టార్చి కొనండి.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. చుక్క కనబడగానే దొరికిందనుకుంటారు. ఒక్కో చుక్క మిల్లీమీటరులో పదో వంతు, చెదిరిన టోనర్ (లేజర్ ప్రింటరు వాడే రంగు పొడి) కూడా అంతే ఉంటుంది. ఒంటి చుక్కకు విలువ లేదు, అమరిక తిరిగి తిరిగి రావాలి. జిరాక్స్ కంపెనీ డాక్యుకలర్ మిషన్ల గుట్టును ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే అమెరికా డిజిటల్ హక్కుల సంస్థ 2005లో విప్పింది. అక్కడ 15 నిలువు వరసలు, 8 అడ్డు వరసల గడి పేజీ అంతా మళ్ళీ మళ్ళీ పడుతుంది.

కాబట్టి ఓహెచ్‌పీ షీటు పరిచి, ఒకచోటి చుక్కల్ని అన్నీ గుర్తు పెట్టండి. మార్కరు మొన సన్నగా ఉండాలి, లావుగా ఉంటే ఏదైనా కుదిరినట్టే ఉంటుంది. షీటు వాలకుండా మెల్లగా పక్కకు జరపండి. అదే అమరిక మళ్ళీ షీటు గుర్తుల కిందికి వచ్చిందా? ఇంకాస్త జరపండి, అంతే దూరంలో ఇంకోసారి రావాలి. రెండుచోట్ల కుదిరాకే నమ్మండి. కాసేపాగి అదే మిషన్ మీద ఇంకో ప్రింటు తీయించి పోల్చండి. సీరియల్ నంబరు చుక్కలు కదలవు, టైము చుక్కలుంటే అవి మారతాయి.

600 డీపీఐలో స్కాన్ చేసి, ఫోటో ఎడిటర్‌లో నీలం చానల్ (బొమ్మలోని నీలం రంగు భాగం) ఒక్కటే చూసుకోవచ్చంటారు. పనిచేస్తుంది, పీఎన్‌జీగానో టిఫ్‌గానో సేవ్ చేస్తే. జేపెగ్ చేస్తే చుక్కలు చెదిరిపోతాయి, వాట్సాప్‌లో వచ్చిన ఫోటో అయితే అసలు ముట్టుకోవద్దు. నా ఓటు టార్చికే.

ఏమీ కనబడలేదంటే మిషన్‌కి క్లీన్ చిట్ ఇచ్చేయకండి. చుక్కలు కాకుండా వేరే గుర్తులూ వేయొచ్చు. 2017లో అమెరికా నిఘా పత్రం బయటపెట్టిన రియాలిటీ విన్నర్ అనే ఆవిడ చుక్కల వల్లే దొరికిందని అందరూ రాసేస్తారు. అచ్చయిన పత్రంలో చుక్కలున్న మాట నిజమే, 2017 మే 9, 6:20 అని చదివారు కూడా. కానీ కోర్టు పత్రాల్లో ఉన్నది వేరు: ఆ ఫైలు ప్రింటు తీసింది ఆరుగురేనని ఆఫీసు కంప్యూటర్ల లాగ్ (ఎవరేం చేశారో రాసుకునే రికార్డు) చూపించింది.

చుక్కలు పోతాయని కలర్ మిషన్ మీద జిరాక్స్ మాత్రం తీయకండి. ఆ మిషన్ తన చుక్కలూ కలిపిస్తుంది.